అద్దంలో నీళ్లు

అగ్గిపుల్ల భగ్గుమంది.

సీటు కింద బర్నర్ ముందు దగ్గింది. తరవాత గుర్రుమంది. ఆ తరవాత సన్నగా, ఆగకుండా ఈల అందుకుంది. పచ్చి పెట్రోలు వాసన. దాని వెనకే కాగుతున్న ఇనుము వాసన. గడ్డం మనిషి మోకాళ్ల మీద వంగి మంట రంగే చూస్తున్నాడు. పసుపు పోవాలి. నీలం రావాలి. వచ్చేదాకా లేచేలా లేడు.

పేరు ఫ్రీలాన్ స్టాన్లీ. వయసు యాభై. భార్య ఫ్లోరా గౌను అంచు దగ్గరికి లాక్కుని బండెక్కి కూర్చుంది. ఆమె కూర్చున్న చోటికీ ఆ మంటకీ మధ్య ఉన్నది ఒక బాయిలర్. అంతే.

1899 ఆగస్టు 31. అమెరికా ఈశాన్య మూల, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం. మౌంట్ వాషింగ్టన్ కొండ అడుగు.

ఎదురుగా మట్టి దారి అడవిలోకి దూరి మాయమైంది. ఎక్కడికెళ్తుందో కింద నిలబడ్డవాడికి తెలియదు. శిఖరం 6,288 అడుగుల ఎత్తున ఉంది. అక్కడికి 7.6 మైళ్లు, అంటే 12 కిలోమీటర్ల పైచిలుకు. 1861 నుంచి ఈ దారిన జనాన్ని మోస్తున్నవి గుర్రాలు. చెమటలు కక్కుతూ, నురగలు కారుస్తూ, ఒక పూటంతా ఈడ్చి ఈడ్చి మోస్తున్నాయి. గుర్రం కట్టని బండి మాత్రం ఇంతవరకూ ఒక్కటీ పైకి చేరలేదు.

పీడనం ముల్లు 150 దగ్గరికి పాకింది. ఫ్రీలాన్ మీట మీద చెయ్యి వేశాడు.

బర్నర్ ఈల తప్ప వేరే చప్పుడు లేదు. అసలు లేదు. ఇంజన్ దడదడ లేదు, కుదుపు లేదు. వీధి అరుగు మీంచి పిల్లి దిగినట్టు బండి మెత్తగా కదిలింది. గులకరాళ్లు చక్రాల కింద నలిగాయి. వెనక తెల్లటి ఆవిరి తోక లేచింది. మొదటి మలుపులోనే చెట్లు మీదికి వంగాయి. నేల పైకి లేవడం మొదలుపెట్టింది.

ఇక మళ్లీ చదును అన్నది దొరకదు.

100 అడుగులు ముందుకు పోతే సగటున 12 అడుగులు పైకి. ఇదీ ఈ దారి లెక్క. శిఖరం ముందు ఒక చోట అదే 22 అడుగులు అవుతుంది. అంత వాలులో ఖాళీ బండిని తొయ్యాలన్నా నలుగురు భుజం పెట్టాలి. వీళ్లది సైకిల్ చక్రాల్లాంటి సన్న చువ్వల చక్రాలున్న బండి. స్టీరింగ్ చక్రం లేదు, పడవ చుక్కానిలాగా ఒక కర్ర ఉంది. ముందు చక్రానికి రాయి తగిలిందా, ఆ దెబ్బ తిన్నగా కర్రలోకి, కర్రలోంచి మణికట్టులోకి వస్తుంది. పట్టు వదిలితే బండి తన ఇష్టం వచ్చిన వైపు తిరుగుతుంది. కొండ దారిలో ఆ వైపు ఏముంటుందో చెప్పక్కర్లేదు.

గేర్లు లేవు. క్లచ్ లేదు. ఆవిరికి వాటితో పనిలేదు. పెట్రోలు ఇంజన్ గిర్రున తిరుగుతుంటేనే బలం. నిలబడిపోతే చచ్చినట్టే. ఆవిరి అలా కాదు. బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే, మీట తెరిచిన మరుక్షణం పిస్టన్‌ని ఉన్న బలమంతా పెట్టి తంతుంది. ఇంజన్ నుంచి వెనక ఇరుసుకి ఒక చెయిన్. మధ్యలో ఇంకేం లేదు. కొండెక్కడానికి ఇంతకన్నా మంచి యంత్రం ఆ రోజుల్లో లేదు.

ఒక్క చిక్కు తప్ప.

ఫ్రీలాన్ కళ్లు దారి మీద ఉన్నాయి. క్షణం ఆగి కిందికి దిగాయి. మళ్లీ దారి మీదికి. మళ్లీ కిందికి. అక్కడ చిన్న అద్దం ఉంది. మొహం చూసుకునే అద్దం లాంటిదే. బాయిలర్‌లో నీళ్లు ఎంత మట్టానికి ఉన్నాయో చూపించే గాజు గొట్టం బండికి ఒక పక్కన, నడిపేవాడి వెనగ్గా ఉంటుంది. మెడ తిప్పి దాన్ని చూస్తూ కూర్చుంటే దారి తప్పుతుంది. అందుకని ఈ రకం బళ్లలో ముందు ఒక అద్దం బిగించేవారు. అద్దంలో గాజు గొట్టం. గొట్టంలో నీళ్లు. ఆ నీటి గీత ఊగుతోంది.

ఆ గీత కిందికి పోకూడదు.

సీటు కింద ఉన్న బాయిలర్ పెద్దదేం కాదు. అడ్డంగా 14 అంగుళాలు. మన ఇళ్లల్లో నీళ్లు కాచుకునే కాగుకి అన్నదమ్ముడనుకోండి. దాని కడుపులో వేలి లావు రాగి గొట్టాలు, దాదాపు 300. పగలకుండా చుట్టూ పియానో తీగ వరసలు వరసలుగా బిగించి చుట్టారు. మంట ఆ గొట్టాల్లోంచి పైకి పోతుంది, చుట్టూ ఉన్న నీరు సలసలా కాగి ఆవిరవుతుంది. నీరు ఉన్నంతసేపు రాగి క్షేమం. నీరు తగ్గిందా, గొట్టాలు నిప్పులో ఎండిపోయి కాలతాయి, అతుకులు వదులుతాయి. బండి అక్కడే చచ్చిపోతుంది.

నీళ్లు ఎక్కించడానికి పంపు ఉందిగా అంటారా? ఉంది. దాన్ని ఇంజన్‌కే కట్టారు. ఇంజన్ ఆడితే పంపు ఆడుతుంది. చదును నేల మీద బండి జోరుగా పోతుంటుంది కాబట్టి పంపూ జోరుగా తోడిపోస్తుంది, ఆవిరి ఖర్చేమో తక్కువ, లెక్క సరిపోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లెక్క తలకిందులు. ప్రతి తోపుకీ నిండా ఆవిరి కావాలి. చక్రాలు మాత్రం నెమ్మది. ఇంజన్ నెమ్మది. పంపూ నెమ్మది. అంటే ఎప్పుడు నీళ్లు ఎక్కువ కావాలో సరిగ్గా అప్పుడే పంపు చెయ్యి ముడుచుకుంటుంది.

అద్దంలో గీత ఒక వేలెడు దిగింది.

ఇదంతా ఎవరో అమ్మితే కొనుక్కున్న బండి కాదు. ఫ్రీలాన్, అతని కవల అన్న ఫ్రాన్సిస్ తమ చేతులతో పుట్టించింది. మెయిన్ రాష్ట్రంలో కింగ్‌ఫీల్డ్ అనే పల్లె వాళ్లది. ఒకే గడ్డం, ఒకే రకం టోపీ, ఒకే రకం కోటు. ఎవరు ఎవరో ఊళ్లోవాళ్లకే తెలిసేది కాదు. చిన్నప్పుడు వయొలిన్లు చెక్కారు. ఫ్రీలాన్ బడిపంతులుగా చేశాడు. ఫ్లోరా కూడా పంతులమ్మే. ఫొటోలు తీసే గాజు పలకలకి రసాయనం పూసే యంత్రం పెట్టి అన్నదమ్ములు డబ్బు గడించారు. 1897లో సరదాకి ఒక ఆవిరి బండి కట్టారు. మరుసటి ఏడు నవంబరులో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఒక ప్రదర్శన. చెక్కతో కృత్రిమంగా కట్టిన ఏటవాలు మీద మిగతా బళ్లు సగంలో ఆగిపోయాయి. వీళ్ల బండి మాత్రం ఆగలేదు. రెండు వారాల్లో 200 బళ్లకి ఆర్డర్లు వచ్చాయి. ఫ్యాక్టరీ లేదు. పనివాళ్లు లేరు. ఒక్క బండి అమ్మే ఉద్దేశం కూడా అంతవరకూ లేదు.

డబ్బు సంచి పట్టుకుని మనిషి రానే వచ్చాడు. కాస్మొపాలిటన్ పత్రిక యజమాని జాన్ బ్రిస్బెన్ వాకర్. 1899లో వ్యాపారం మొత్తాన్ని రెండున్నర లక్షల డాలర్లకి కొనేశాడు. బండికి లోకోమొబైల్ అని పేరు మారింది. కాబట్టి ఆ రోజు కొండెక్కుతున్న బండిలో ప్రతి మర స్టాన్లీలది. పేరొక్కటే స్టాన్లీలది కాదు. అలాంటప్పుడు ఈ సాహసం ఎవరికోసం? కంపెనీ ప్రచారం కోసం అంటారు. నాకు మాత్రం ఇది చెక్క వాలు మీద గెలిచినవాడికి అసలు కొండ కనపడినప్పుడు పుట్టే దురద అనిపిస్తుంది.

దురద సంగతి తరవాత. ముందు నీళ్ల సంగతి.

బండి వదిలిన ఆవిరి మళ్లీ చేతికి రాదు. గాల్లో కలిసిపోతుంది. దాన్ని చల్లార్చి తిరిగి నీరు చేసే ఏర్పాటు ఈ బండికి లేదు. తొట్టి నింపుకుంటే బల్లపరుపు రోడ్డు మీదే 20 మైళ్లు గగనం. కొండ మీద ఎంత? ఎవరికి తెలుసు, ఎవరూ ఎక్కి చూడలేదుగా. ఇలాంటి బండి నడిపేవాడు దారి పక్క ఊట గలగల వినపడితే చాలు చెవులు రిక్కించాలి. ఆగాలి. బకెట్టు దించాలి. వాలులో చక్రాల వెనక రాయి పెట్టాలి. పోసేటప్పుడు ఆకో అలమో పడకుండా చూడాలి, పంపులో ఒక్క పుల్ల ఇరుక్కుంటే కథ కంచికే. మళ్లీ ఎక్కి కూర్చుని, ముల్లు లేచేదాకా ఆగి, మీట నెట్టాలి.

నాలుగో మైలు దగ్గర చెట్లు పొట్టివైపోయాయి.

కింద భూర్జ చెట్లు, స్ప్రూస్ చెట్లు ఆకాశాన్ని కప్పేసి ఉన్నాయి. ఇక్కడికొచ్చేసరికి అవే చెట్లు మోకాలెత్తున మెలితిరిగి, ఎవరో తల మీద కొట్టి అణిచినట్టు నేలకి కరుచుకున్నాయి. కొట్టింది గాలి. సగం దారి మజిలీ ఇల్లు ఈ పరిసరాల్లోనే. గుర్రాలు ఇక్కడ ఊపిరి పీల్చుకుంటాయి. ఆ పైన చెట్టు లేదు, నీడ లేదు, గోడ లేదు. ఒక పక్క రాళ్ల కుప్ప. రెండో పక్క గ్రేట్ గల్ఫ్ అనే లోయ, నోరు తెరుచుకుని.

ఈ కొండ గాలి గురించి ఒక్క మాట. 1934 ఏప్రిల్ 12న శిఖరం మీది వాతావరణ కేంద్రం గంటకి 231 మైళ్ల వేగంతో వీచిన గాలిని కొలిచింది. అంటే దాదాపు 372 కిలోమీటర్లు. మనుషులు దగ్గరుండి కొలిచిన గాలుల్లో ఇప్పటికీ దాన్ని మించింది లేదు. 1899లో ఫ్లోరాకి ఆ అంకె తెలియదు. కాని లిజ్జీ బోర్న్ కథ ఆ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. 23 ఏళ్ల పిల్ల. 1855 సెప్టెంబరులో బాబాయితో, అతని కూతురితో కాలినడకన బయల్దేరింది. పొద్దుపోయింది. గాలి లేచింది. శిఖరం మీద రాతి ఇల్లు కూతవేటు దూరంలోనే ఉంది, చీకట్లో అది కనపడలేదు. రాళ్లు అడ్డం పేర్చుకుని ముగ్గురూ పడుకున్నారు. తెల్లారేసరికి ఇద్దరే లేచారు. ఆమె పడిపోయిన చోట రాళ్ల గుట్ట ఇప్పటికీ ఉంది.

ఆ గుట్ట ఉన్నది వేసవిలో జరిగిన చావుకి. ఈరోజు కూడా వేసవే.

అయిదో మైలు. దారి కొండ భుజం మీదికి తిరిగింది. కర్ర పట్టుకున్న చేతిలో నరాలు తాళ్లలా బిగిశాయి. బర్నర్ ఈల గాలిలో తెగి తెగి వినపడుతోంది. మంట ఆరితే? ఆరితే బండి తనంతట తను ఆగదు, మిగిలిన ఆవిరి మీద ఇంకాస్త పాకి, అప్పుడు ఆగుతుంది, ఆగి, బ్రేకు పట్టు సరిగా లేకపోతే, వచ్చిన దారినే వెనక్కి జారడం మొదలుపెడుతుంది. ఫ్రీలాన్ మంట చప్పుడు వింటున్నాడు. రాళ్ల చప్పుడు వింటున్నాడు. కళ్లు కిందికి.

అద్దంలో నీళ్లు బాగానే ఉన్నాయి.

మరీ బాగానే ఉన్నాయి.

ఇక్కడే ఉంది అసలు మెలిక. బండి ముక్కు పైకెత్తి నిలబడింది. గ్లాసు వంచితే నీరు ఒక పక్కకి చేరుతుంది కదా. బాయిలర్‌లో నీరు కూడా అంతే, వాలిన వైపుకి ఒరుగుతుంది. గాజు గొట్టం వాలు వైపున ఉంటే నీళ్లు నిండుగా ఉన్నట్టు చూపిస్తుంది. ఎత్తు వైపు గొట్టాలు మంటలో ఒట్టిగా కాలుతూ ఉండొచ్చు. చదును మీద నిజం చెప్పే అద్దం కొండ మీద అబద్ధమాడుతుంది. ఇప్పుడు దాన్ని నమ్మాలా, బండి కట్టిన చేతుల్ని నమ్మాలా?

ఆపితే ఈ వాలులో వెనక్కి జారే భయం. ఆపకపోతే గొట్టాలు. ఫ్రీలాన్ మీట తియ్యలేదు.

ఏడో మైలు దగ్గర కాస్త గడ్డి నేల తగులుతుంది. ఆవుల మేత బీడు అని పేరు. శిఖరం మీది హోటలుకి పాలు కావాలి కదా, ఒకప్పుడు ఇక్కడే ఆవుల్ని ఉంచేవారు. అంత ఎత్తున ఆవు మేసిందంటే నవ్వొస్తుంది. అక్కడ నిలబడి పైకి చూస్తే నవ్వు ఆగిపోతుంది. రాళ్ల మధ్యనుంచి దారి నిచ్చెన వేసినట్టు లేచి నిలబడింది. 100కి 22 ఇదే.

గేరు మార్చడానికి లేదు. మీట ఒక్కటే. పూర్తిగా తెరిచాడు. చెయిన్ కిర్రుమంది. వెనక చక్రాలు ఒకసారి కంకర విదిల్చాయి, రబ్బరు రాతిని వెతుక్కుంది, దొరకలేదు, దొరికింది, పిస్టన్లు ఒక్కో తోపూ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా ఆడుతున్నాయి, బండి మనిషి నడక కన్నా నిదానంగా, కాని ఆగకుండా, ఒక్కో మూర, ఒక్కో మూర, సీట్లో ఇద్దరి వీపులూ వెనక్కి నొక్కుకుపోగా, ఆకాశం తప్ప ముందు ఇంకేమీ కనపడకుండా పైకి పాకుతోంది.

ఆ ఆకాశంలోంచి ఒక ఇంటి కప్పు లేచింది.

శిఖరం మీద జనం ఉన్నారు. అది చిన్న ఊరు లాంటిది. రాతితో కట్టిన టిప్ టాప్ హౌస్ ఉంది, పెద్ద హోటలు ఉంది, వేసవిలో అక్కడే అచ్చయ్యే వార్తాపత్రిక కూడా ఉంది. రెండో పక్కనుంచి రైలు కూడా వస్తుంది. 1869 నుంచి నడుస్తున్న ఆవిరి రైలు అది. కాబట్టి ఆవిరి ఈ కొండెక్కడం కొత్తేం కాదు. కాని ఆ రైలుకి పట్టాల మధ్య ఇనుప పళ్ల వరస ఉంది. పంటి పంటినీ కరిచి పట్టుకుని ఎక్కుతుంది. జారడానికి వీల్లేదు. ఇప్పుడు అంచు దాటి మెత్తగా ఒరుసుకుంటూ వచ్చి ఆగిన ఈ బండికి పట్టుకోవడానికి ఏమీ లేదు. నాలుగు రబ్బరు టైర్లు, ఒక చెయిన్.

గడియారం చూశారు. రెండు గంటల పది నిమిషాలు.

అద్దంలో నీటి గీత చదునైన నేల మీద నెమ్మదిగా కుదురుకుంది. నీళ్లున్నాయి.

ఎక్కినవాళ్లు దిగాలి. పొగడ్తల్లో అందరూ మర్చిపోయే సంగతి ఇది. దిగేటప్పుడు నీళ్ల బెంగ తగ్గుతుంది, బ్రేకు బెంగ మొదలవుతుంది. ఉన్నది వెనక ఇరుసు మీద ఒక్క పట్టీ బ్రేకు. 12 కిలోమీటర్లు దాన్నే తొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. ఆవిరి బండివాళ్లకి ఇంకో కిటుకు ఉంది. ఇంజన్‌ని వెనక్కి తిప్పే మీట. బండి ముందుకి జారుతుంటే ఇంజన్ వెనక్కి గుంజుతుంది. గుర్రాన్ని తోక పట్టుకుని ఆపినట్టు. ఎలాగైతేనేం, ఇద్దరూ ప్రాణాలతో దిగారు. ఈ కొండని మోటారు బండిలో ఎక్కిన మొదటి మగవాడు, మొదటి ఆడమనిషి వాళ్లే. ఆ ప్రయాణం గురించి తరవాత ఫ్లోరా స్వయంగా రాసింది.

అయిదేళ్లు తిరక్కుండా అదే దారి మీద పందేలు పెట్టారు. 1904 జూలైలో హ్యారీ హార్క్‌నెస్ అనే అతను 60 గుర్రాల శక్తి ఉన్న మెర్సిడెస్‌లో 24 నిమిషాల 37 సెకన్లకి శిఖరం ముట్టుకున్నాడు. కవల అన్న ఫ్రాన్సిస్ తమ చిన్న ఆవిరి బండిలో 28 నిమిషాల్లో ఎక్కాడు. అన్న ఎక్కాడు. తమ్ముడు?

తమ్ముడు ఏడాది కిందటే ఇంకో కొండ దారిలో ఉన్నాడు. పందెం కాదు.

దగ్గు.

1903 వసంతం. కొలరాడో రాష్ట్రం, డెన్వర్. ఫ్రీలాన్ రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. క్షయ. ఒళ్లు చిక్కిపోయింది, కోటు హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. ఆ రోగానికి అప్పుడు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ రావడానికి ఇంకా 40 ఏళ్లు. గాలే మందు. పొడి గాలి, కొండ గాలి, ఎండ. మన మదనపల్లె శానిటోరియం 1912లో మొదలైందీ ఇదే నమ్మకం మీద. ఫ్రీలాన్‌కి వైద్యం చేస్తున్న డాక్టర్ బోనీ కూడా అదే చెప్పాడు. వేసవికి ఎస్టెస్ పార్క్ వెళ్లమన్నాడు. రాకీ పర్వతాల ఒడిలో 7,522 అడుగుల ఎత్తున చిన్న లోయ. అక్కడికి వెళ్లే దారి గుర్రబ్బళ్ల దారి.

ఫ్లోరా ముందుగా రైల్లో, ఆపైన గుర్రబ్బండిలో వెళ్లిపోయింది. ఫ్రీలాన్ వెళ్లలేదు. తూర్పు తీరం నుంచి తన ఆవిరి బండిని రైల్లో తెప్పించుకున్నాడు.

జూన్ 30 పొద్దున. సెయింట్ వ్రెయిన్ ఏటి పక్క లోయ. మళ్లీ అగ్గిపుల్ల. మళ్లీ పెట్రోలు వాసన. మంట నీలం రంగు తిరిగేదాకా వంగి చూడాలి, వంగితే దగ్గు తెర. రాళ్లు తేలిన దారి, బండి చక్రాల గాడులు, ఏరు దాటే చోట్లు, ఇరుకు మలుపుల్లో ఎదురుగా గుర్రాలొస్తే పక్కకి తప్పుకునే చోటు కూడా లేని దారి. ఆరోగ్యంగా ఉన్నవాడికే కర్ర పట్టుకుంటే భుజాలు ఊడతాయి. ఇక్కడ ఊపిరి సగమే ఉన్న మనిషి. పైకి పోయేకొద్దీ గాలి ఇంకా పల్చన.

బండికి దాహం వేసినా ఏరు పక్కనే ఉంది. మనిషి ఆగిపోతే పక్కన ఎవరున్నారు?

లోయ ఒక్కసారిగా విచ్చుకుంది. చుట్టూ మంచు టోపీలు, మధ్యలో పచ్చిక. రెండు గంటల లోపే ఎస్టెస్ పార్క్ చేరాడు. ఆ దారిలో గుర్రబ్బండికి అంతకన్నా చాలా ఎక్కువసేపు పట్టేది.

ఆ వేసవి ముగిసేసరికి దగ్గు తగ్గింది. ఒంటికి కండ పట్టింది. మరుసటి వేసవికి మళ్లీ వచ్చాడు. ఆ తరవాతి వేసవికీ వచ్చాడు. ఊరికే రాలేదు. తను ఎక్కివచ్చిన దారుల్ని బాగుచేయించడానికి డబ్బు పెట్టాడు. జనాన్ని మోసే పెద్ద ఆవిరి బళ్లు కట్టించి ఆ దారుల్లో నడిపించాడు. 1909లో కొండ వాలు మీద తెల్లటి హోటలు కట్టాడు, దానికి కరెంటు కోసం ఏటి మీద జలవిద్యుత్ కేంద్రం కూడా కట్టించాడు. అదే స్టాన్లీ హోటల్. 1974లో స్టీఫెన్ కింగ్ అనే రచయిత అందులో బస చేసి, ఆ ఖాళీ వరండాలు చూసి జడుసుకుని ద షైనింగ్ నవల రాశాడు. దెయ్యాల హోటలుగా లోకానికి తెలిసింది అలా.

కవలల్లో జబ్బు మనిషి ఫ్రీలాన్. గట్టివాడు ఫ్రాన్సిస్. 1918 జూలై 31న మసాచుసెట్స్‌లో ఒక రోడ్డు మీద ఫ్రాన్సిస్ ఆవిరి కారు నడుపుకుంటూ వెళ్తున్నాడు. కొండ కాదు, ఘాట్ కాదు, మామూలు పల్లె రోడ్డు. మిట్ట దాటగానే ఎదురుగా రైతుల బళ్లు. గుద్దకుండా పక్కకి కోశాడు. కట్టెల మోపులకి కొట్టుకుని కారు తిరగబడింది. బతకలేదు.

ఫ్లోరా చివరి ఏళ్లలో చూపు పోగొట్టుకుంది. 1939లో కన్నుమూసింది. ఫ్రీలాన్ 1940 అక్టోబరు 2న పోయాడు. వయసు 91.

మౌంట్ వాషింగ్టన్ దారి ఇప్పుడూ టోల్ దారే. పాత ఆవిరి బళ్లు దాచుకున్నవాళ్లు ఇప్పటికీ వాటిని ఇక్కడికి తెచ్చి ఎక్కిస్తుంటారు. మామూలు కారుతో వెళ్తే, ఈ కారు మౌంట్ వాషింగ్టన్ ఎక్కింది అని రాసిన స్టిక్కర్ ఒకటి బంపర్‌కి అంటించుకోవడానికి ఇస్తారు. దిగేటప్పుడు మొదటి గేరులోనే దిగమని, మధ్య మధ్యలో ఆగి బ్రేకులు చల్లారనివ్వమని గేటు దగ్గరే చెప్పి పంపుతారు.